సిరిసిల్లలో పాట ఒక్క చెవికే

నా తెలివి సంగతి ముందే చెప్పేస్తాను. ఇంకొకరి నోట వింటే మీకు మరీ రుచిగా ఉంటుంది, అది నాకు ఇష్టం లేదు.

పాటలు వినే సామాన్లతోనే నా జుట్టు నెరిసింది. మొదట టేప్‌రికార్డర్లు బాగుచేశాను. తరువాత అమ్మాను. అవి పోయాక స్పీకర్లు. చివరి కొన్నేళ్ళు, చెవి లోపలికి దూరే ఖరీదైన ఇయర్‌ఫోన్లు. నా సామాను ఏటేటా చిన్నదవుతూ వచ్చింది, నా పొట్ట ఏటేటా పెద్దదవుతూ వచ్చింది. రెండూ కలిపి తూచితే బరువులో పెద్ద తేడా రాలేదనుకుంటాను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నా ఇలాకా. దుకాణాలకు వెళ్ళాలి, వచ్చినవాళ్ళ చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టి ఒక పాట వినిపించాలి, వాళ్ళేమన్నారో రాసి కరీంనగర్ ఆఫీసుకు పంపాలి. ఉద్యోగమంతా ఇదే. వినడానికి తేలిక. వినిపించడమే కష్టం.

కొత్త మోడల్ వచ్చిన రోజు జగిత్యాల టవర్ దగ్గర గౌస్ భాయ్ దుకాణంలో ఉన్నాను. ఫోన్‌కు వైరు తగిలించకుండానే, పట్టీని మెడలో వేసుకుని రెండు కొసలనూ రెండు చెవుల్లో పెట్టుకునే రకం అది. ఒక నెల జీతం పెడితే గానీ రాదు. మా ఏరియా మేనేజర్ ప్రశాంత్ సార్ హైదరాబాద్ నుంచి దాని కోసమే వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేను చెవుల్లో పెట్టుకుని, ఫోన్‌లో పాట నొక్కి, పెద్ద విద్వాంసుడిలా కళ్ళు మూసుకున్నాను.

"సార్, ఇది వేరే సంగతి," అన్నాను. "పాట చెవులల్ల లేదు. ఎదురుంగ కూసోని పాడుతున్నట్టే ఉన్నది. జిందగీల గిట్లాంటిది వినలే."

ప్రశాంత్ సార్ ముఖం వెలిగింది. "అదే మల్లేశం గారూ, దాన్నే సౌండ్‌స్టేజ్ అంటారు."

గౌస్ భాయ్ అద్దం తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు. "ఎదురుంగనే పాడుతున్నది మల్లేశన్నా. నీ ఫోన్ నా స్పీకర్‌కు కలిసింది. నువ్వు చెవులల్ల పెట్టుకున్నది ఇంక ఆన్ గూడ చేయలే."

ఆ స్పీకర్ నిజంగానే నా ఎదురుగా, మూరెడు దూరంలో ఉంది.

అక్కడ ప్రశాంత్ సార్ మర్యాదగా నవ్వి ఊరుకున్నారు. మర్యాద అక్కడి వరకే. ఆ తరువాత కరీంనగర్‌లో ఏ మీటింగ్ జరిగినా, కొత్తగా చేరినవాళ్ళకు నన్ను ఆయన పరిచయం చేసే తీరు ఒకటే: "వీరు మల్లేశం గారు. ఇయర్‌ఫోన్ ఆన్ చేయకుండానే సౌండ్‌స్టేజ్ వినగల మనిషి." అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి. కొన్నేళ్ళు నవ్వితే దవడ నొప్పి పుడుతుంది.

వెచ్చటి మాటలు

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పే మొదటి మాట: డెమో ఇచ్చేటప్పుడు ముందు మూయాల్సింది కొనేవాడి చెవి కాదు, మన నోరు.

కరీంనగర్‌లో నా మొదటి యజమాని టేప్‌రికార్డర్ ఆన్ చేసి, కొనడానికి వచ్చినవాళ్ళకు చాయ్ చెప్పి, ఎటో చూస్తూ కూర్చునేవాడు. "ఎట్లుంది" అని కూడా అడిగేవాడు కాదు. ఆయనకు మాటలు రావనుకునేవాణ్ణి. "బేస్ చూడండి" అని మనం అన్నాక వినేవాడికి బేస్ తప్ప ఇంకేమీ వినపడదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అప్పుడు వాడు చెప్పేది వాడి అభిప్రాయం కాదు. మన అభిప్రాయాన్నే వాడి నోట మనం వింటున్నట్టు.

ప్రశాంత్ సార్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయనకు మాటల మీద నమ్మకం ఎక్కువ. ప్రతి నెలా మాకు కొన్ని పదాలు పంపేవారు, దుకాణాల్లో వాటిని వాడాలి. ఒక నెల 'వార్మ్' వచ్చింది. తెలుగులో చెప్తే జనానికి దగ్గరగా ఉంటుందని నేను గౌస్ భాయ్ దుకాణంలో ఒక రాయికల్ రైతుతో, "దీని సౌండ్ వెచ్చగ ఉంటది" అన్నాను. ఆయన వెంటనే చెవిలోంచి పీకి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"వేడెక్కుతదా? పేలదు గదా అన్నా?"

పేలదని చెప్పడానికి నాకు ఆ పూటంతా పట్టింది. కొనలేదు. అటు తరువాత వాళ్ళ ఊరి నుంచి ఎవరొచ్చినా, "ఆ పేలే మోడల్ వద్దు" అనేవాళ్ళు.

జనానికి వాళ్ళ మాటలు వాళ్ళకున్నాయి. సప్పగుంది, సాఫుగుంది, గుద్దుతుంది, చెవిల గుయ్యిమంటుంది. ఈ నాలుగింటితో నేను ఏ ఇయర్‌ఫోన్ జాతకమైనా చెప్పగలను. పై ఆఫీసులో వీటిని ఇంగ్లీషులోకి మార్చి చదువుకునేవారు. 'గుద్దుతుంది' అన్నదానికి వాళ్ళేం రాసుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆకు, తంబాకు, పాట

ఇంకొక సంగతి. సొంత డబ్బుతో ఖరీదైన వస్తువు కొన్నవాణ్ణి అభిప్రాయం అడగొద్దు. వాడు వస్తువును మెచ్చుకోడు, తన తెలివిని మెచ్చుకుంటాడు. బహుమతిగా అందుకున్నవాళ్ళను అడగండి. నిజం అక్కడ దొరుకుతుంది.

కోరుట్లలో లక్ష్మక్క బీడీలు చేస్తుంది. ఆమె భర్త దుబాయ్‌లో ఉంటాడు. పని చేసుకుంటూనే తనతో మాట్లాడుతుందని, రెండు గుండీల్లా విడివిడిగా ఉండే చాలా ఖరీదైన రకం పంపించాడు. దాన్ని కొంగున కట్టుకుని ఆమె నేనున్న దుకాణానికి వచ్చింది.

"మంచిదేనా అక్కా?" అన్నాను.

"మా ఆయనకైతే ఫస్ట్‌క్లాస్ అని చెప్పిన," అంది. "నీకు నిజం చెప్పాల్నా?"

"నిజమే చెప్పు."

"గాచారం. చేతులేమొ ఆకుల, తంబాకుల ఉంటయి. ఇదేమొ చెవిలకెల్లి జారుతది. జారుతుందని మోచేతితోని నూకితె, ఫోన్ కట్టయితది. ఆయనేమొ, నా మీద కోపంతోని కట్ చేసినవా అని మల్ల ఫోన్ చేస్తడు. దినాం ఇదే లొల్లి."

దాన్ని ముట్టుకుంటే ఫోన్ ఆగేలా, మొదలయ్యేలా చేశారు. రెండు చేతులూ ఖాళీగా ఉండే మనుషులను ఊహించుకుని చేసిన వస్తువు. అంత ధర పెట్టింది ఆ ముట్టుకునే సుఖానికే. నేను చేసిందల్లా ఆ ముట్టుకునే ఏర్పాటు తీసేసి, డబ్బాలో అడుగున పడి ఉన్న చిన్న సైజు రబ్బరు టోపీలు తొడగడం. పెద్దవి తొడిగి ఉన్నాయి, ఆమె చెవి రంధ్రం చిన్నది. తల అటూ ఇటూ ఊపి చూసింది. జారలేదు.

"ఇప్పుడెట్లుంది?"

"ఇప్పుడు ఆయన మాట మరీ సాఫుగ వినబడుతుంది," అంది లక్ష్మక్క. "ఇగ వినబడలేదని చెప్పరాదు గద."

ఇయర్‌ఫోన్ల గురించి నా సర్వీసులో విన్న అభిప్రాయాల్లో ఇంత పూర్తి అభిప్రాయం ఇంకొకటి లేదు. ధ్వని, విలువ, నష్టం అన్నీ అందులో ఉన్నాయి.

సాంచాల నడుమ

ఇక సిరిసిల్ల. నేను ఎక్కువ నేర్చుకున్నదీ, ఎక్కువ చెడగొట్టిందీ అక్కడే.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఒక వాడ నిండా సాంచాల షెడ్లు, ఆ వాడ మలుపులో స్వరూప దుకాణం. స్వరూప పెళ్ళయిన కొత్తలో సాంచాలకు కండెలు చుట్టేది. తరువాత ఫోన్ రీచార్జీలు చేసే చిన్న దుకాణం పెట్టుకుంది. మా కంపెనీ అక్కడ లైట్లున్న అద్దాల పెట్టె ఒకటి పెట్టింది. అందులో ఖరీదైన ఇయర్‌ఫోన్లు, వినిపించడానికి ఒక ఫోన్. ఆ పెట్టె మా ఆఫీసుకు ఒక కౌంటర్ మాత్రమే. స్వరూపకు అది ఏమిటో ఒకసారి ఆమే చెప్పింది.

"గీ అద్దాల పెట్టె రాకముందు నన్ను రీచార్జి పిల్ల అనేటోళ్ళన్నా. ఇప్పుడు షాపామె అంటున్నరు. మా అత్త గూడ అంటుంది."

ఆ పెట్టెకు ముప్పు వచ్చింది. సిరిసిల్ల నుంచి నేను పంపిన అభిప్రాయాలన్నీ ఒకటే రాగం: "పాట సగమే వస్తుంది." అగ్గువకు దొరికే ఇయర్‌ఫోన్లో పాట మొత్తం వస్తుంది, నెల జీతమంత ధరున్న దాంట్లో సగం వస్తుంది. ప్రశాంత్ సార్ ఫోన్ చేసి, "సిరిసిల్ల వాళ్ళకు చెవులున్నాయా మల్లేశం గారూ?" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మా అత్తగారిది సిరిసిల్లే.

సంగతేంటో చూద్దామని నేను షెడ్లోకి వెళ్ళాను. నాలుగు దిక్కులా సాంచాలు ఆడుతున్నాయి. మధ్యలో రాజేశం అనే కార్మికుడు కుడి చెవిలో మా ఖరీదైన ఇయర్‌ఫోన్ పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎడమది మెడ మీద వేలాడుతోంది. పక్కవాడూ అంతే. ఆ పక్కవాడూ అంతే. షెడ్డంతా ఒంటి చెవి శ్రోతలే.

దాంతో నాకు సగం పాట గుట్టు తెలిసింది. ఖరీదైన వాటిలో వయొలిన్ ఒక చెవికి, తబలా ఇంకొక చెవికి పంచి పంపుతారు. అక్కడ దొరికే మరీ అగ్గువ వాటిలో ఆ పంపకం లేదు, రెండు చెవులకూ అదే పాట. ఒక్క చెవితో వింటే పేదదే నిండుగా పాడుతుంది మరి.

గుట్టు తెలిసింది సరే, బుద్ధి మాత్రం రాలేదు. రాజేశంను బయటికి పిలిచి ఉపన్యాసం ఇచ్చాను. ఇంత మంచి వస్తువును ఒక్క చెవిలో పెట్టుకుంటే దాన్ని చేసినవాడు ఏడుస్తాడన్నాను. రెండు చెవులా పెట్టుకుని చూడమన్నాను. రాజేశం మొహమాటస్తుడు. పెట్టుకున్నాడు.

మరునాడు ఆ షెడ్డు యజమాని, సాంచాల ఆసామి, ఒక బట్ట చుట్ట భుజాన వేసుకుని స్వరూప దుకాణానికి వచ్చాడు. కౌంటర్ మీద పరిచాడు. మూరల కొద్దీ బట్ట మీద పొడుగ్గా ఒక గీత.

"పోగు తెగింది, సాంచె నడుస్తనే ఉన్నది," అన్నాడు. "చప్పుడు మారితె రాజేశంకు తెలుస్తది. పదేండ్ల సంది తెలుస్తున్నది. నిన్న తెల్వలే. ఎందుకంటె రెండు చెవులల్ల మీ పాట. షాపామె, గీ పెట్టె ఉంచుతవో తీస్తవో నీ ఇష్టం. మా షెడ్డోళ్ళు మాత్రం ఇటు రారు."

స్వరూప బట్ట జాగ్రత్తగా చుట్టి ఇచ్చింది. ఆయన వెళ్ళాక నా వైపు చూసింది.

"చెప్పేముందు నన్నొక మాట అడిగితె అయిపోతుండె గదన్నా. ఒక చెవి పాటకు, ఒక చెవి సాంచెకు. ఇక్కడ చిన్న పోరలకు గూడ ఎరుకే."

ఆ రోజు చాయ్ కూడా ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

పూర్తి పాట

ఇంటికి వచ్చి ఫోన్‌ను ముందేసుకుని కూర్చున్నాను. నా వయసువాళ్ళు ఫోన్ సెట్టింగుల్లో తిరగడం, తెలియని ఊళ్ళో రాత్రి బస్సు దిగినట్టే. చూపు, వినికిడి తక్కువున్నవాళ్ళ కోసం పెట్టిన ఒక మూలలో 'మోనో' అని కనిపించింది. నొక్కాను. ఎడమ చెవిది తీసేసి విన్నాను. వయొలిన్, తబలా, గొంతు అన్నీ ఒకే చెవిలోకి నడిచి వచ్చాయి. ఒకే గదిలో సర్దుకుని కూర్చున్న చుట్టాల్లా కొంచెం ఇరుకుగా ఉన్నారు గానీ, అందరూ వచ్చారు.

పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కి స్వరూపకు చూపించాను. ఆమె ఒక చెవిలో పెట్టుకుని పాట చివరిదాకా విన్నది.

"గీ ఒక్క గుండీ నొక్కుడేనా?"

"గంతే."

"గీ ఒక్కటి ముందే నొక్కితె ఆ బట్ట ఖరాబ్ కాకపోతుండె," అని, చాయ్ చెప్పింది.

ఆమే రాజేశంను పిలిచింది, ఆసామినీ పిలిచింది. ఆసామి చెవిలో పెట్టి, చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకుపోయింది. బయటికి వచ్చి ఆయన, "పాట పాటే, సాంచె సాంచే. రెండూ తెలుస్తున్నయి," అన్నాడు. ఆ వారం నుంచి షెడ్లవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఖరీదైనదాన్ని ఎందుకు కొంటున్నారో కూడా చెప్పారు: సాంచాల చప్పుడులో అగ్గువదైతే సౌండ్ బాగా పెంచాలి, సాయంత్రానికి చెవి గుయ్యిమంటుంది. ఇది చెవికి సరిగ్గా బిగుసుకుంటుంది కాబట్టి తక్కువ సౌండ్‌కే పాట తెలుస్తుంది.

నేను ఈ అభిప్రాయాలు రాసి పంపాను. ప్రశాంత్ సార్ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నొచ్చుకున్నారు.

"మోనోనా? ఇంత మంచి స్టీరియోను మీ చేతులతో మీరే చంపేశారా? ఆ కౌంటర్ తీసేద్దాం. నేనే వస్తున్నాను."

కరెంటు పోయిన పూట

ఆయన వచ్చిన రోజు లైన్ రిపేరు అని పొద్దుటి నుంచి కరెంటు లేదు. సాంచాలన్నీ ఆగాయి. సిరిసిల్లలో సాంచాలు ఆగితే గాలి ఆగినట్టు ఉంటుంది. షెడ్లవాళ్ళంతా బయటికి వచ్చి స్వరూప దుకాణం ముందు చేరారు. రాజేశం ఉన్నాడు, ఆసామి ఉన్నాడు. పెట్టెను తీసుకుపోవడానికి సార్ వెంట ఒక ఆటో కూడా వచ్చింది. స్వరూప ఆ ఆటోను చూసింది, మళ్ళీ చూడలేదు.

"సార్, ఒక్కసారి ఒక్క చెవితో వినుండ్రి," అంది.

"వినాల్సింది మీరమ్మా," అన్నారు ప్రశాంత్ సార్. ఆయన చెడ్డమనిషి కాదు. పాట అంటే చెవి కోసుకుంటారు, అందుకే ఎదుటివాళ్ళ చెవులంటే చులకన. "మోనోకూ స్టీరియోకూ తేడా ఏంటో ఇప్పుడు నేను చెప్తాను. అందరూ వినండి."

డెమో ఫోన్ అందుకున్నారు. నేను సాయం చేయబోతే, "నేను చూసుకుంటాను లెండి, మీరు చేస్తే మళ్ళీ సౌండ్‌స్టేజ్ వస్తుంది," అన్నారు. నవ్వింది ఆయనొక్కరే. ఇయర్‌ఫోన్ రెండు కొసలూ రెండు చెవుల్లో పెట్టుకుని పాట నొక్కారు.

పాట మొదలైంది. దుకాణంలో అందరికీ వినిపించింది.

స్వరూప పొద్దున దుకాణం తెరవగానే ఆ ఫోన్‌ను పై అరలో ఉన్న స్పీకర్ డబ్బాకు కలిపి పాటలు పెడుతుంది. అది బ్యాటరీ మీద నడిచే ఒకే ఒక్క డబ్బా. దాని నీలం లైటు వెలుగుతోంది. సార్ మెడలోని ఇయర్‌ఫోన్ మీద ఏ లైటూ లేదు. నేను చూశాను. స్వరూప కూడా చూసి నోరు తెరవబోయింది. నేను ఆమె వైపు చూసి, పై అరను సర్దుతున్నవాడిలా అటు తిరిగాను. ఆమె నోరు మూసుకుంది.

సార్ కళ్ళు మూసుకున్నారు.

"ఇది స్టీరియో. ఎడమ పక్క వయొలిన్. కుడి పక్క తబలా. మధ్యలో గాయని. పాట చెవిలో లేదు, ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు లేదూ?"

"ఉన్నది సార్," అన్నాడు రాజేశం. మొహమాటస్తుడని చెప్పాను కదా.

"ఇప్పుడు మోనో చేస్తున్నాను." ఫోన్ మీద నొక్కారు. ముఖం ముడుచుకున్నారు. "విన్నారా? చచ్చిపోయింది. అంతా ఒక్కచోట ముద్దయింది. ఈ తేడా తెలియకుండా ఇంత ధర వస్తువు ఎట్లా అమ్ముతారమ్మా?"

పై అరలోని డబ్బా ఇంతకుముందు ఎట్లా పాడిందో ఇప్పుడూ అట్లాగే పాడుతోంది. ఉన్నది ఒక్క డబ్బా, దానికి ఎడమ ఏది, కుడి ఏది?

ఆసామి గొంతు సవరించుకున్నాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అబ్బని విద్య, నోరు మూసుకోవడం, ఆ పూట చక్కగా వచ్చింది. పల్లవి అయింది, చరణం అయింది. సార్ ఇంకొకసారి స్టీరియో చేసి ప్రాణం పోశారు, ఇంకొకసారి మోనో చేసి ప్రాణం తీశారు.

చివరికి స్వరూపకే జాలి కలిగింది. "సార్, చాయ్ వచ్చింది," అని, చెయ్యి ఎత్తి పై అరలోని డబ్బా ఆఫ్ చేసింది.

ప్రశాంత్ సార్ చెవుల్లో పాట ఆగిపోయింది.

ఆయన కళ్ళు తెరిచారు. డబ్బాను చూశారు. మెడలోని పట్టీని చూసుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళను చూశారు. అందరూ చాయ్ గ్లాసుల్లోకి చూస్తున్నారు. ఆ మర్యాద సిరిసిల్లవాళ్ళకు ఉంది.

"మల్లేశం గారూ," అన్నారు నా వైపు తిరిగి. "మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్. మీరు వయొలిన్ వింటున్నరు, నడుమల మాట్లాడితె బాగుండదని."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తరువాత నవ్వారు. పెద్దగా, కడుపు పట్టుకుని. ఈసారి మేమందరం కూడా నవ్వాము, నా దవడ నొప్పి పుట్టలేదు. నవ్వు ఆగాక ఆయన ఇయర్‌ఫోన్ ఆన్ చేసి, మోనో పెట్టి, కుడి చెవిలో ఒక్కటే పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. సాంచాలు ఒక్కసారిగా అందుకున్నాయి. ఆయన వాడ వైపు తల తిప్పి, పాట అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డారు.

"రెండూ వినిపిస్తున్నాయి," అన్నారు.

ఆటో ఖాళీగా వెళ్ళిపోయింది. స్వరూప ఆ పూట నాకు రెండు చాయ్‌లు ఇచ్చింది.

అంతటితో ఊరుకుంటే నేను ఇంకా మంచివాణ్ణి అయ్యేవాణ్ణి. ఆ నెల అభిప్రాయాలు పంపేటప్పుడు సిరిసిల్ల కింద ఒకటి ఎక్కువ రాశాను: "పాట చెవిలో లేదు, ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఉంది. ఒక శ్రోత, హైదరాబాద్." పై ఆఫీసుకు అది తెగ నచ్చింది. అందంగా అచ్చువేయించి మా ఇలాకాలోని దుకాణాలన్నిటికీ పంపారు. ప్రశాంత్ సార్ తన చేతులతోనే కట్టలు పంచారు. ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా ఏ మీటింగ్‌లోనూ నా పరిచయంలో సౌండ్‌స్టేజ్ మాట రాలేదు.

మొన్న పెళ్ళికని సిరిసిల్ల వెళ్ళి దుకాణంలో తొంగిచూశాను. ఆ కాగితం ఇంకా ఉంది. స్వరూప దాన్ని అద్దాల పెట్టె మీద అతికించలేదు. పై అరలో ఉన్న స్పీకర్ డబ్బా మీద అతికించింది. ఎవరో కొనడానికి వచ్చినాయన అది చదివి, "ఎవరు షాపామె ఈ హైద్రాబాద్ శ్రోత?" అని అడిగాడు.

"ఉన్నడు ఒక సారు," అంది స్వరూప. "మంచి చెవులు."